గర్భిణుల్లో జీబీఎస్ బ్యాక్టీరియా: పుట్టబోయే బిడ్డ గురించి పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో తొమ్మిదో నెల పరీక్షల గురించి రాసినప్పుడు స్వాబ్ కల్చర్ సంగతి, అంటే దూదిపుల్లతో తీసిన నమూనాలో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ (జీబీఎస్) అనే బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష సంగతి, ఒక్క వాక్యంలో ముగించాం. దాని మీద విశాఖపట్నం నుంచీ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వచ్చిన ఉత్తరాలు చూశాక, ఆ ఒక్క వాక్యం సరిపోలేదని అర్థమైంది. అందుకే ఈ సంచికలో ఈ శీర్షికను పూర్తిగా ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 37వ వారం నడుస్తోంది. ఇది మొదటి కాన్పు. పోయిన వారం స్వాబ్ తీసి ల్యాబ్‌కు పంపితే, గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ పెరిగిందని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు మందులేమీ అక్కర్లేదని, నొప్పులు మొదలయ్యాక నరానికి ఇంజెక్షన్ ఇస్తామని మా డాక్టరమ్మ చెప్పారు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఇప్పుడే తగ్గించుకోవాలి గాని కాన్పు దాకా ఆగడమేమిటని మా అత్తగారు అడుగుతున్నారు. జీబీఎస్ అంటే టీవీల్లో చూపించిన పక్షవాతం జబ్బేనేమోనని మా వారు భయపడుతున్నారు. అసలిది నాకెలా వచ్చింది? ఆయన కూడా మందులు వాడాలా? వచ్చే వారం పురిటికి టెక్కలిలోని మా అమ్మగారింటికి వెళ్ళాలి.
– ఒక సోదరి, గాజువాక

జవాబు: ముందుగా మీ వారి భయం తీరుస్తాను. 2025 మొదట్లో పుణెలో ఎక్కువ మందికి వచ్చి, వార్తల్లో వినిపించిన జీబీఎస్ అంటే గిలియన్ బారే సిండ్రోమ్. అది నరాలకు సంబంధించిన జబ్బు. మీ రిపోర్టులో ఉన్న జీబీఎస్ ఒక బ్యాక్టీరియా పేరు. పొడి అక్షరాలు కలవడమే తప్ప ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు.

ఈ బ్యాక్టీరియా ఆరోగ్యవంతుల పేగుల్లో నివసిస్తుంది. అక్కడి నుంచి స్త్రీలలో యోనిమార్గానికి చేరుతుంది. కొన్నాళ్ళు ఉండి పోతుంది, మళ్ళీ వస్తుంది. మంట, దురద, వాసన వంటి లక్షణాలేవీ ఉండవు గనుక పరీక్ష చేస్తే తప్ప ఉన్నట్టు తెలియదు. ప్రపంచం మొత్తం మీద గర్భిణుల్లో సుమారు 18 శాతం మందిలో, మన దక్షిణాసియా దేశాల్లో 12-13 శాతం మందిలో ఇది ఉంటుందని 2017లో వెలువడిన అంచనా. అంటే ఓపీలో మీతో పాటు కూర్చున్న ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఉండవచ్చు. ఇది సుఖవ్యాధి కాదు. శుభ్రత లోపం వల్ల వచ్చేది కాదు. మీ వారికి పరీక్షా, మందులూ అవసరం లేదు. ఇంట్లో ఎవరైనా ఈ రిపోర్టు చూసి మీ నడవడి గురించో, మీ వారి నడవడి గురించో ఒక్క మాట అన్నా, ఈ పేజీ వారి చేతికివ్వండి. బ్యాక్టీరియా శరీరంలో ఉండడం వేరు, దానివల్ల జబ్బు పడడం వేరు. ప్రస్తుతం మీకు ఉన్నది మొదటిది మాత్రమే.

మరి బిడ్డకు ప్రమాదమేమిటి? నొప్పులు మొదలై ఉమ్మనీటి సంచి పగిలిన తరువాత ఈ బ్యాక్టీరియా పైకి పాకి ఉమ్మనీటిలోకి చేరవచ్చు. ఆ నీటిని బిడ్డ మింగినా, ఊపిరితిత్తుల్లోకి పీల్చినా, లేదా బయటికి వచ్చే దారిలోనైనా అది అంటుకుంటుంది. ఏ మందూ ఇవ్వకపోతే, ఇది ఉన్న తల్లులకు పుట్టే పిల్లల్లో దాదాపు సగం మందికి అంటుతుంది. అంటిన వారిలో ఎక్కువ మందికి ఏమీ కాదు. నూటికి ఒకరిద్దరికి మాత్రం మొదటి వారంలోనే, అందులోనూ ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే, రక్తంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, కొన్నిసార్లు మెదడు పొరల వాపు వస్తాయి. సంఖ్య చిన్నదే గాని జబ్బు చిన్నది కాదు. ఉదయం బాగా పాలు తాగిన బిడ్డ సాయంత్రానికి వెంటిలేటర్ మీద ఉండే పరిస్థితి రావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ప్రమాదం మరీ ఎక్కువ. తల్లి రక్తంలోని రక్షక ప్రోటీన్లు, అంటే యాంటీబాడీలు, మాయ ద్వారా బిడ్డకు చేరేది ప్రధానంగా చివరి నెలల్లోనే. ముందే పుట్టిన బిడ్డకు ఆ రక్షణ పూర్తిగా అందదు.

ఇక మీ అత్తగారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు మాత్రలు వాడితే యోనిమార్గంలో బ్యాక్టీరియా కొంతకాలం తగ్గవచ్చు గాని, దాని అసలు స్థావరం పేగులు గనుక మందు ఆపిన కొద్ది రోజులకే తిరిగి వస్తుంది. కాన్పు సరిగ్గా ఆ సమయంలో జరిగితే మాత్రలు మింగిన ప్రయోజనం ఉండదు. పైగా అవసరం లేని యాంటీబయాటిక్ వల్ల మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది. యాంటీసెప్టిక్ ద్రావణాలతో లోపల కడుక్కోవడం వల్ల కూడా ఉపయోగం లేదు, అలా చేయకండి. నొప్పులు మొదలైన తరువాత, లేదా ఉమ్మనీరు పోయిన తరువాత, పెన్సిలిన్ గాని ఆంపిసిలిన్ గాని నరానికి ఇస్తే ఆ మందు మాయ దాటి బిడ్డ రక్తంలోకి, ఉమ్మనీటిలోకి చేరుతుంది. పెన్సిలిన్ అయితే మొదట 50 లక్షల యూనిట్లు, తరువాత కాన్పు అయ్యేవరకు ప్రతి నాలుగు గంటలకు 25 నుంచి 30 లక్షల యూనిట్లు ఇస్తారు. ఆంపిసిలిన్ అయితే మొదట 2 గ్రాములు, తరువాత ప్రతి నాలుగు గంటలకు 1 గ్రాము. మొదటి మోతాదుకూ కాన్పుకూ మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంటే పూర్తి రక్షణ లభించినట్టు లెక్క. ఇలా మందు పడితే, ఈ బ్యాక్టీరియా ఉన్న తల్లులకు పుట్టే 200 మంది పిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బు 4,000 మందిలో ఒకరికి మాత్రమే వస్తుంది.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం మీ ఉత్తరంలోని చివరి వాక్యం. తొమ్మిది నెలలూ ఒక ఆసుపత్రిలో చూపించుకుని, కాన్పుకు పుట్టింటి ఊళ్ళో మరో ఆసుపత్రికి వెళ్ళడం మన ఇళ్ళలో మామూలు. అర్ధరాత్రి నొప్పులతో వెళ్ళిన గర్భిణిని చూసే డ్యూటీ నర్సుకు గాజువాక ల్యాబ్ రిపోర్టు గురించి ఎలా తెలుస్తుంది? పరీక్ష చేయించి కూడా ఆ ఫలితం లేబర్ రూమ్‌కు చేరకపోతే బిడ్డకు ఏ మేలూ జరగదు. అందుచేత మీ తల్లీబిడ్డల కార్డు మొదటి పేజీ మీదే ‘జీబీఎస్ పాజిటివ్, నొప్పుల్లో యాంటీబయాటిక్ ఇవ్వాలి’ అని మీ డాక్టరమ్మ చేత పెద్ద అక్షరాలతో రాయించండి. రిపోర్టు జిరాక్సు ఆ కార్డులోనే పెట్టుకోండి, ఫొటో తీసి మీ అమ్మగారి ఫోనుకు పంపండి. టెక్కలి వెళ్ళగానే కాన్పు జరగబోయే ఆసుపత్రిలో ఒకసారి చూపించుకుని, ఈ ఇంజెక్షన్ వారి దగ్గర సిద్ధంగా ఉంటుందా అని అడగండి. సాధారణంగా మొదటి కాన్పు వారిని నొప్పులు బాగా ఎక్కువయ్యాక రమ్మంటారు. మీరు మాత్రం నొప్పులు క్రమంగా రావడం మొదలవగానే బయలుదేరాలి, ఆ నాలుగు గంటలు దక్కాలి గదా. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా ఆగవద్దు. ఈ రిపోర్టు ఐదు వారాల వరకే చెల్లుతుంది. అప్పటికీ కాన్పు కాకపోతే మళ్ళీ స్వాబ్ తీయాలి.

ప్రశ్న: నాలుగో నెలలో మూత్రం కల్చర్ చేయిస్తే ఇదే బ్యాక్టీరియా మిల్లీలీటరుకు లక్షకు పైగా ఉందన్నారు. వారం రోజులు మాత్రలు వాడాను. తరువాతి పరీక్షలో ఏమీ లేదు. తొమ్మిదో నెలలో స్వాబ్ పరీక్ష చేయించి, అందులోనూ లేదని వస్తే కాన్పులో ఇంజెక్షన్ మానేయవచ్చా?
– పాఠకురాలు, పెందుర్తి

జవాబు: మానకూడదు. మీకు స్వాబ్ పరీక్ష అవసరమే లేదు. గర్భం వచ్చాక ఎప్పుడైనా సరే మూత్రంలో ఈ బ్యాక్టీరియా కనిపించిందంటే, శరీరంలో అది అధికంగా ఉన్నట్టు గుర్తు. మాత్రలతో మూత్రం శుభ్రపడినా కాన్పు సమయంలో నరానికి ఇంజెక్షన్ ఇచ్చి తీరాలి. ఇంతకు ముందు కాన్పులో పుట్టిన బిడ్డకు ఈ జబ్బు వచ్చిన తల్లులకు కూడా ఇదే నియమం.

మీరు నాలుగో నెలలోనే మూత్రం కల్చర్ చేయించుకోవడం చాలా మంచి పని. లక్షణాలేవీ లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉండడం నూరు మంది గర్భిణుల్లో 2 నుంచి 10 మంది వరకు కనిపిస్తుంది. చాలావరకు అది ఇ-కోలై అనే పేగుల బ్యాక్టీరియా. వదిలేస్తే వారిలో కొందరికి కిడ్నీ ఇన్ఫెక్షన్‌గా ముదిరి, చలిజ్వరంతో ఆసుపత్రిలో చేరవలసి వస్తుంది. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. మూత్రంలో చీముకణాలు చూసే మామూలు పరీక్ష ఒక్కటే చేసి సరిపెట్టడం మన దగ్గర ఎక్కువ. మొదటి నెలల్లో ఒక్కసారైనా కల్చర్ చేయించడం అవసరమని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అమ్మాయికి మొదటి కాన్పు సిజేరియన్. ఈసారి కూడా ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. స్వాబ్‌లో జీబీఎస్ ఉందన్నారు. తనకు చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, మద్దిలపాలెం

జవాబు: నొప్పులు మొదలవకముందే, ఉమ్మనీటి సంచి పగలకముందే ఆపరేషన్ జరిగితే ఈ బ్యాక్టీరియా కోసం ప్రత్యేకంగా మందు ఇవ్వనక్కర్లేదు. కోతకు ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే మామూలు యాంటీబయాటిక్ ఎలాగూ ఇస్తారు. అయితే ఇచ్చిన తేదీ కంటే ముందే నొప్పులు వస్తే మందు అవసరమవుతుంది గనుక రిపోర్టు దగ్గరుంచుకోండి.

పెన్సిలిన్ పడకపోవడమంటే ఏం జరిగిందో గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి. ఒంటి మీద కొద్దిగా దద్దురు వచ్చిందా, లేక ముఖం వాచి, ఊపిరాడక, బీపీ పడిపోయిందా అన్నదాన్ని బట్టి మందు మారుతుంది. ప్రమాదం తక్కువనుకుంటే సెఫజోలిన్ ఇస్తారు. తీవ్రమైన అలర్జీ అయితే క్లిండమైసిన్ ఇవ్వవచ్చు, కానీ అది ఆ బ్యాక్టీరియా మీద పనిచేస్తుందని ల్యాబ్ తేల్చి చెప్పాలి. పని చేయదని తేలితే వ్యాంకోమైసిన్ ఇస్తారు. అందుకే అలర్జీ సంగతి ల్యాబ్ కాగితం మీద కూడా రాయించాలి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా ఆడపడుచుకు రెండు కాన్పుల్లోనూ ఈ పరీక్ష చేశారట. ఇక్కడ నాకు ఎవరూ చెప్పలేదు. 36వ వారం నడుస్తోంది. ఇది మా డాక్టరు గారి నిర్లక్ష్యమా?
– సోదరి, అనకాపల్లి

జవాబు: నిర్లక్ష్యం అనడం సరికాదు. అమెరికాలో గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయాలన్న విధానం 2002 నుంచి ఉంది. ఇప్పుడు అక్కడ 36, 37 వారాల మధ్య స్వాబ్ తీస్తున్నారు. 1990ల తొలినాళ్ళలో అక్కడ ప్రతి వెయ్యి కాన్పులకు 1.8 మంది పిల్లలకు మొదటి వారంలో ఈ జబ్బు వచ్చేది. 2015 నాటికి అది 0.23కు తగ్గింది. బ్రిటన్‌లో మాత్రం అందరికీ పరీక్ష చేయరు. ప్రమాద సూచనలు ఉన్న తల్లులకే కాన్పులో మందు ఇస్తారు. మన దేశంలో అందరికీ తప్పనిసరిగా చేసే జాతీయ కార్యక్రమం లేదు.

దీనికి ఖర్చు, ల్యాబ్ సౌకర్యాల కొరతతో పాటు మరో కారణమూ ఉంది. మన దగ్గర పసికందులకు వచ్చే ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం వేరే బ్యాక్టీరియా వల్ల వస్తున్నవి. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తం కల్చర్లలో బయటపడినవి అసినెటోబ్యాక్టర్ 22 శాతం, క్లెబ్సియెల్లా 17 శాతం, ఇ-కోలై 14 శాతం. వీటిలో చాలావాటికి సాధారణ యాంటీబయాటిక్‌లు పనిచేయడం లేదు. కాబట్టి లేబర్ రూమ్‌లో చేతుల శుభ్రత, బొడ్డు కోసే పరికరాల శుభ్రత, మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించడం మన పిల్లలకు ఏ పరీక్షకూ తీసిపోని రక్షణ. ఒక స్వాబ్ పరీక్షతో పసిబిడ్డల ఇన్ఫెక్షన్లన్నీ ఆగిపోతాయని అనుకోకూడదు.

అయినా, వీలున్నవారు 36, 37 వారాల్లో ఈ పరీక్ష చేయించుకోవాలనే నేను చెబుతాను. ఎనిమిది మందిలో ఒకరిలో ఉండి, తెలిస్తే చవకైన పెన్సిలిన్‌తో ఆపగలిగిన ప్రమాదాన్ని తెలియకుండా వదిలేయడం నాకు సమ్మతం కాదు. మీ డాక్టరు గారిని నేరుగా అడగండి. స్వాబ్ ఎలా తీశారన్నది ముఖ్యం. యోని ద్వారం దగ్గర ఒకసారి, ఆ తరువాత మలద్వారంలో ఒకసారి తీయాలి. యోని నుంచి మాత్రమే తీస్తే కొందరిలో బ్యాక్టీరియా బయటపడదు. నొప్పి ఉండదు. సిగ్గుపడేవారు నర్సు చెప్పినట్టు తామే తీసి ఇవ్వవచ్చు. ల్యాబ్‌లో దీన్ని ముందు ప్రత్యేకమైన ద్రవంలో ఒక రోజు పెంచి, ఆ తరువాత కల్చర్ చేస్తారు. అందువల్ల ‘జీబీఎస్ కోసం’ అని కాగితం మీద స్పష్టంగా రాసి ఉండాలి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది.

పరీక్ష చేయించలేకపోతే మూడు సంగతులు గుర్తుంచుకోండి. 37 వారాలు నిండకుండా నొప్పులు రావడం, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటడం, నొప్పుల్లో 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం రావడం. వీటిలో ఏది ఉన్నా పరీక్ష లేకుండానే మందు మొదలుపెట్టాలి. ఉమ్మనీరు పోయిన వెంటనే గడియారం చూసి సమయం రాసుకోవాలని మీ వారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆసుపత్రిలో అడిగితే చాలామంది ‘పొద్దున ఎప్పుడో’ అంటారు. ఆ జవాబుతో 18 గంటలు లెక్కకట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

ప్రశ్న: నేను అమ్మమ్మను. మా అమ్మాయికి ఈ బ్యాక్టీరియా ఉంది. ఆసుపత్రికి చేరిన గంటకే కాన్పయింది, ఇంజెక్షన్ ఒక్కటే పడింది. బిడ్డ 2.6 కిలోలు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి, బాగుందని పంపారు. ఇప్పుడు పన్నెండో రోజు. బాగానే పాలు తాగుతోంది. ఇంకా భయపడాలా? బొడ్డుకు పసుపు, నాలుక మీద వస రాయవచ్చా? తల్లిపాల వల్ల వస్తుందని పక్కింటివారు అంటున్నారు.
– అమ్మమ్మ, భీమిలి

జవాబు: అమ్మా, రెండు రోజులు ఉంచి చూడడం సరైన పని. కాన్పుకు నాలుగు గంటల ముందు మందు పడనప్పుడు, నెలలు నిండి ఆరోగ్యంగా ఉన్న బిడ్డను కూడా 36 నుంచి 48 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. మొదటి వారం దాటింది గనుక పెద్ద గండం గడిచింది. అయితే ఏడో రోజు నుంచి దాదాపు మూడు నెలల వరకు ఈ బ్యాక్టీరియా వల్ల ఆలస్యంగా వచ్చే జబ్బు ఒకటుంది. అది అరుదు, కానీ అందులో మెదడు పొరల వాపు ఎక్కువ. కాన్పులో ఇచ్చే ఇంజెక్షన్ ఎంత సరిగ్గా పడినా దాన్ని ఆపలేదు. తల్లి నుంచే కాక, ఇంట్లో ఎవరి చేతుల నుంచైనా అంటవచ్చు. బిడ్డను ఎత్తుకునే ప్రతివారూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

బిడ్డ పాలు సరిగా తాగకపోవడం, లేపినా లేవకుండా మగతగా పడి ఉండడం, ఒళ్ళు వేడెక్కడం లేదా చల్లబడడం, నిమిషానికి 60 సార్లు గాని అంతకన్నా ఎక్కువగా గాని ఊపిరి తీయడం, డొక్కలు లోపలికి పోవడం, మూలుగు, ఫిట్స్, మాడు ఉబ్బడం, ఎత్తుకుంటే ఇంకా గట్టిగా ఏడవడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. పసిబిడ్డకు ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం రాకుండా ఒళ్ళు చల్లబడడం కూడా జరుగుతుందని చాలామందికి తెలియదు. పాలు ఎత్తడం లేదంటే మన ఇళ్ళలో ముందు దిష్టి తీస్తారు. దిష్టి తీయడం మీ ఇష్టం, కానీ 108కు ఫోన్ చేశాకే ఆ పని చేయండి. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో పసిపిల్లలకు రాత్రీ పగలూ వైద్యం అందుతుంది. అక్కడ రక్తం కల్చర్ తీసి, ఫలితం కోసం ఎదురుచూడకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. అవసరమైతే వెన్ను నుంచి నీరు తీసి పరీక్షిస్తారు. వెన్నులో సూది అనగానే పెద్దలు ఒప్పుకోక వెనక్కి తీసుకుపోవడం జరుగుతుంటుంది. మెదడు పొరల వాపు ఉందో లేదో ఆ పరీక్ష వల్లే తేలుతుంది, ఎన్ని రోజులు మందు ఇవ్వాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు. దయచేసి ఒప్పుకోండి.

బొడ్డుకు పసుపు, నూనె, బూడిద ఏదీ రాయవద్దు. పొడిగా వదిలేయండి. ఎర్రబడినా, చీము పట్టినా చూపించండి. వస, తేనె, ఆముదం, పంచదార నీళ్ళు వద్దు. తల్లిపాలు మాత్రం నిశ్చింతగా పట్టించండి. తల్లికి ఈ బ్యాక్టీరియా ఉందన్న కారణంతో పాలు మాన్పిస్తే బిడ్డ ఉన్న రక్షణ కూడా పోగొట్టుకుంటుంది. ఆసుపత్రిలో కాన్పయిన వారి ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త రావాలి. ఎల్లుండి పద్నాలుగో రోజున ఆమె వచ్చినప్పుడు బిడ్డ బరువు, ఒంటి వేడి చూడమని అడగండి. ఈ బ్యాక్టీరియాకు టీకా ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. ఆరు వారాలకు ఇవ్వవలసిన పెంటావాలెంట్, పోలియో, రోటా, న్యుమోనియా టీకాలు మాత్రం ఈ కారణంతో వాయిదా వేయకుండా సమయానికే వేయించండి.